పదిలమా? పొదుపా? – ‘ప్రిజర్వ్’, ‘కన్సర్వ్’ పదముల భేదము

ఆంగ్లభాషను అభ్యసించు మన విద్యార్థులకు కష్టము కలిగించునవి క్లిష్టపదములు కావు. క్లిష్టపదము ఎదురైనప్పుడు విద్యార్థి నిఘంటువు తెరచును, అర్థము గ్రహించును. తెలిసినట్లే తోచుచు తెలియకుండ పోవునవి జంట పదములు. అర్థములు దగ్గరగా నుండుటచే ఒకదాని స్థానమున మరియొకటి వచ్చి కూర్చుండును; వ్రాసినవానికి తప్పు కనిపించదు; చదివినవానికి మాత్రము వాక్యము ఎక్కడనో తొట్రుపడినట్లు తోచును. అట్టి జంటలలో ‘ప్రిజర్వ్’, ‘కన్సర్వ్’ అనునవి ముఖ్యమైనవి. రెండును కాపాడుటను తెలుపునవే. రెండింటికిని మన తెలుగు నిఘంటువులలో ‘సంరక్షించు’ అను అర్థము కనిపించును. ఉర్దూలో రెండింటికిని ‘హిఫాజత్ కర్నా’ అని చెప్పి ఊరకుండుట కలదు. కాని కాపాడుట అనునది ఒకే పని కాదు. ఆ భేదమును ఈ ప్రత్తి, మిరప పొలముల నడుమ నివసించు మనకు తెలిసిన వస్తువులతోడనే వివరింపవలెనని మా సంకల్పము.

ముందుగా పదముల పుట్టుకను చూతము. రెండింటికిని మూలము ‘సెర్వారే’ అను లాటిన్ క్రియ. కావలి కాయుట, కాపాడుట అని దాని అర్థము. దానికి ముందు ‘ప్రే’ అను ఉపసర్గ చేరినచో ‘ప్రిజర్వ్’ అయినది. ‘ప్రే’ అనగా ముందు, ముందుగా అని అర్థము. కీడు రాకమునుపే అడ్డుకట్ట వేయుట ఇందులోని భావము. ‘కాన్’ అను ఉపసర్గ చేరినచో ‘కన్సర్వ్’ అయినది. ‘కాన్’ అనగా కూడ, కలిపి, పూర్తిగా అని అర్థము. ఉన్నదానిని చెదరనీయక మొత్తముగా నిలుపుకొనుట ఇందులోని భావము. ‘రె’ అను ఉపసర్గ చేరినచో వెనుకకు పెట్టి ఉంచుట అను అర్థమున ‘రిజర్వ్’ ఏర్పడినది. రైలులో మనకొరకు పెట్టి ఉంచిన స్థలము, నీటిని పట్టి ఉంచు ‘రిజర్వాయరు’ ఈ కుటుంబములోనివే. ముగ్గురును ఒక్క తల్లి బిడ్డలే. నడవడిక మాత్రము వేరు.

ఇక ‘ప్రిజర్వ్’ సంగతి. మా ప్రత్తిపాడు ప్రాంతమున మిరపకాయ కోతకు వచ్చినప్పటి నుండి రైతు మనస్సున ఒక్కటే చింత. పండిన కాయను కళ్లములో ఆరబెట్టవలెను. తేమ నూటికి పది పాళ్ల ప్రాంతమునకు దిగవలెను. తేమ మిగిలినచో బూజు పట్టును. ‘అఫ్లాటాక్సిన్’ అను విషపదార్థము కాయలో పుట్టవచ్చును. మరీ ఎండినచో కాయ పెళుసుబారి విరిగిపోవును. వానకు తడిసి రంగు తప్పిన కాయ ‘తాలు’ అగును. తాలుకు ధర తక్కువ. తేమ సరిగా చూచి టిక్కీలకెత్తిన కాయను వెంటనే గుంటూరు మిర్చి యార్డుకు తరలింపనిచో, శీతల గిడ్డంగిలో పెట్టుదురు. అక్కడి చల్లదనమున కాయ ఎఱుపు త్వరగా తగ్గదు, పురుగు పట్టదు. రైతు ఇక్కడ చేయునదంతయు ‘ప్రిజర్వ్’ చేయుటయే. వస్తువు ఏ గుణముతో నున్నదో ఆ గుణముతోనే కొంతకాలము నిలువవలెను. దానికి శత్రువు కాలము. గాలి, తేమ, ఎండ, పురుగు అన్నియు కాలుని సేవకులు. ఆ సేవకులను గడప దాటనీయకుండుటయే ‘ప్రిజర్వ్’ చేయుట.

ఇదే సూత్రము మన ఇండ్లలోని జాడీలయందును కలదు. ఆవకాయలో ఉప్పు, ఆవపిండి, కారము, నూనె కలుపుదురు. ఉప్పు ముక్కలలోని నీటిని బయటకు లాగి, కుళ్లును పుట్టించు సూక్ష్మజీవులకు నీరు దొరకకుండ చేయును. పైకి తేలిన నూనె గాలిని అడ్డగించును. తడి గరిటె పెట్టవద్దని మన తల్లులు, అమ్మమ్మలు, నానమ్మలు హెచ్చరించుట చాదస్తము కాదు, అది రసాయనశాస్త్రము. మన దేశపు ఆహార నిబంధనలలో ‘ప్రిజర్వేటివ్’లు రెండు తరగతులుగా విభజింపబడినవి. ఉప్పు, చక్కెర, వెనిగర్, తేనె, వంటనూనెలు, సుగంధద్రవ్యములు మొదటి తరగతిలోనివి. బెంజోయేట్లు, సల్ఫైట్లు వంటి రసాయనములు రెండవ తరగతిలోనివి; వీనికి మోతాదు పరిమితి కలదు. కావున పచ్చడిలో కలియు మసాలాలు రుచికే గాక నిలువకును తోడ్పడునని ఆ నిబంధనలే ఒప్పుకొన్నట్లయినది. ఊరగాయయైనను, మురబ్బాయైనను ‘ప్రిజర్వ్’ చేయబడిన వస్తువే.

ఇప్పుడు ‘కన్సర్వ్’ సంగతి. మిరప తోటకు నీరు కావలెను. బోరుబావిలోని నీటిని ఉప్పు వేసి జాడీలో పెట్టలేము. పెట్టినను ప్రయోజనము లేదు. నీరు వాడుటకే ఉన్నది. కాని వాడుకలో మితము లేనిచో వచ్చు యేటికి బోరు ఎండును. కావున బిందుసేద్యము చేయుదుము. వాననీటిని ఇంకుడు గుంటలకు మళ్లింతుము. చాళ్ల నడుమ ఆకులు, చెత్త కప్పి ఆవిరి కాకుండ చూతుము. ఇది ‘కన్సర్వ్’ చేయుట. ఇక్కడ శత్రువు కాలము కాదు, దుబారా. వస్తువును వాడకుండ దాచుట ఉద్దేశ్యము కాదు. వాడుచునే తరుగకుండ చూచుట ఉద్దేశ్యము. 2002వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల విషయమై చేయబడిన చట్టము, జనవ్యవహారమున ‘వాల్టా’ చట్టము, ఈ పొదుపునకు సంబంధించినదే. భూగర్భజలమును ఎవరికి వలసినంత వారు తోడుకొనుచు పోయినచో ఎవరికిని మిగులదను గ్రహింపు దానికి పునాది.

నేల సంగతియు అట్టిదే. నల్లరేగడి నేలను ఎవరును గిడ్డంగిలో పదిలపరుపరు. గట్లు వేసి, పంటలు మార్చి, పశువుల ఎరువు తోలి దాని సారము కొట్టుకొనిపోకుండ చూచెదరు. అందువలననే ఆంగ్లమున నేల విషయమున ‘సాయిల్ కన్సర్వేషన్’ అందురు గాని ‘సాయిల్ ప్రిజర్వేషన్’ అనుట అరుదు. అడవుల శాఖలోని పెద్ద ఉద్యోగికి ‘కన్సర్వేటర్’ అను పేరు వచ్చుటయు ఇందువలననే. 1856లో మద్రాసు రాజధానిలో అడవుల కన్సర్వేటరుగా డాక్టర్ హ్యూ క్లెగ్‌హార్న్ నియమింపబడెను. రైలుమార్గములకు, వంటచెఱకునకు, పోడు సేద్యమునకు అడవులు తరిగిపోవుచున్నవని ఆనాటి ప్రభుత్వము కలత చెందినది. కలపను అసలు కొట్టరాదనుట దాని ఉద్దేశ్యము కాదు. రేపటికిని కలప ఉండునట్లు నేడు కొట్టవలెననుటయే ఉద్దేశ్యము. ఆ నియమముల భారము అడవినే నమ్ముకొన్న గిరిజనులపై పడుట వేరొక చరిత్ర. పదము వరకు చూచినచో, ‘కన్సర్వ్’లో వాడుక ఇమిడి ఉన్నదని ఆ ఉద్యోగమే చెప్పుచున్నది.

ఈ రెండు భావములును ఒకే స్థలమున ఢీకొన్న సందర్భము మన కృష్ణాతీరముననే కలదు. క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి నాగార్జునకొండ లోయలో వర్ధిల్లినది. 1926లో ఆ శిథిలములు పండితుల దృష్టికి వచ్చినవి. తరువాత లాంగ్‌హర్స్ట్ మొదలగువారు త్రవ్వకములు సాగించిరి. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. ఆనకట్ట లేచినచో లోయ మునుగును. లేవనిచో మెట్టపొలములకు నీరు లేదు. కృష్ణ నీరు సముద్రము పాలు కాకుండ నిలుపుట ‘కన్సర్వ్’ చేయుట. ఇక్ష్వాకుల స్తూపములను, విహారములను, శిల్పములను కాపాడుట ‘ప్రిజర్వ్’ చేయుట. ఒకదానికొరకు మరియొకటి నీట మునుగవలసిన సంకటము! డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున 1954 నుండి 1960 వరకు పురావస్తుశాఖవారు లోయనంతయు త్రవ్వి పరిశీలించిరి. ముఖ్యమైన కట్టడములను విప్పి, కొండపైనను, అనుపు వద్దను మరల నిర్మించిరి. కొన్నింటికి నమూనాలు చేసిరి. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేసిరి. కుడికాలువ నీరు గుంటూరు, ప్రకాశం ప్రాంతముల పొలములకు పారినది. నేడు నాగార్జునకొండ నీటి నడుమ ద్వీపము, దానిపై వస్తుప్రదర్శనశాల. చుట్టునున్న నీటిని చూపి ‘కన్సర్వ్’ అనియు, నడుమనున్న శిల్పములను చూపి ‘ప్రిజర్వ్’ అనియు చెప్పినచో, విద్యార్థి ఈ భేదమును మరి మరువడు.

అమరావతి స్తూపమునకు ఇంతపాటి భాగ్యము లేకపోయినది. 1797లో కాలిన్ మెకంజీ దానిని చూచునాటికే రాళ్లు కొన్ని చెదరిపోయినవి. కొన్ని కాల్చి సున్నము చేయబడినవి. మిగిలిన వానిలో అనేక శిల్పములు మద్రాసునకును, లండనునకును చేరినవి. అవి అక్కడ ‘ప్రిజర్వ్’ అయినవి, సందేహము లేదు. కాని తమ నేల నుండియు, తమ నది నుండియు వేరై పదిలమైనవి. వస్తువు పదిలమైనంత మాత్రమున దాని జీవితము నిలిచినట్లు కాదను పాఠము ఇందున్నది.

ఈ వివాదము మనకు మాత్రమే చెందినది కాదు. అమెరికా దేశమున యోసెమిటీ ప్రాంతమున హెచ్ హెచీ అను లోయ కలదు. శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు నీటికొరకు అక్కడ ఆనకట్ట కట్టవలెనని ప్రతిపాదన వచ్చినది. ప్రకృతిని ఉన్నదున్నట్లు ఉంచవలెనని జాన్ మ్యూర్ వాదించెను. ప్రకృతిసంపదను జనుల ప్రయోజనమునకు మితముగా వాడవలెనని గిఫర్డ్ పిన్‌షో వాదించెను. 1913లో ఆనకట్టకు చట్టము అనుమతించినది. నాటి నుండి అక్కడి రచయితలు మొదటి వాదమునకు ‘ప్రిజర్వేషన్’ అనియు, రెండవ వాదమునకు ‘కన్సర్వేషన్’ అనియు పేర్లు వాడుచున్నారు. పదభేదము పండితుల వినోదము కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? ఒక పదము వెంట ఒక లోయ నిలుచును. మరియొక పదము వెంట అది మునుగును.

విత్తనము విషయమున ఈ రెండును చేయి చేయి కలుపును. ప్రత్తి పేరులోనే ఉన్న మా ప్రత్తిపాడు పరిసరములలో ఒకప్పుడు దేశవాళీ ప్రత్తి సాగులో ఉండెడిది. హైబ్రిడ్ రకములు వచ్చినవి. 2002లో బీటీ ప్రత్తికి మన దేశమున అనుమతి లభించినది. పాత రకములు పొలముల నుండి చాలవరకు తప్పుకొన్నవి. పాత విత్తనమును ఆరబెట్టి, సున్నా కంటె పదునెనిమిది డిగ్రీలు తక్కువ శీతలమున జన్యునిధిలో ఉంచినచో అది ‘ప్రిజర్వ్’ అగును. రైతు దానిని యేటేట విత్తి, ఏరి, మరల విత్తుచుండినచో ‘కన్సర్వ్’ అగును. పెట్టెలోని విత్తనము పెట్టెలో చేరిననాటి గుణముతోనే నిలుచును. పొలములోని విత్తనము కొత్త తెగుళ్లకు, మారిన వానలకు అలవాటుపడుచు నిలుచును. నిధి లేనిచో విపత్తున వంశము నశించును. పొలము లేనిచో నిధి స్మారకచిహ్నముగా మిగులును. శాస్త్రజ్ఞులు ఈ రెండు పద్ధతులను కలిపి ‘కన్సర్వేషన్’ అనియే వ్యవహరింతురు. ఏలయన పదిలపరచుటకు పరమావధి కూడ కొనసాగింపే కదా!

విద్యార్థులకు ఉపకరించునట్లు ఇప్పుడు ఒక కొలబద్ద చెప్పెదము. వాక్యము వ్రాయుటకు ముందు ‘ఈ వస్తువునకు శత్రువెవరు?’ అని ప్రశ్నించుకొనుడు. చెడిపోవుట, మారిపోవుట, మరుపున పడుట శత్రువైనచో ‘ప్రిజర్వ్’ వాడుడు. తరిగిపోవుట, దుబారా అగుట శత్రువైనచో ‘కన్సర్వ్’ వాడుడు. పండ్లు, మృతదేహములు, వ్రాతప్రతులు, దస్తావేజులు, సాక్ష్యములు, శాంతిభద్రతలు, గౌరవము, జ్ఞాపకములు మొదటిదానికి చెందును. నీరు, విద్యుత్తు, ఇంధనము, నేల, అడవులు, దేహబలము రెండవదానికి చెందును. పరుగుపందెమున మొదటి చుట్టులోనే బలమంతయు ఖర్చు చేయక చివరి చుట్టునకు మిగుల్చుకొను క్రీడాకారుడు తన బలమును ‘కన్సర్వ్’ చేయుచున్నాడు. ‘ప్రిజర్వ్’ చేయుచున్నాడన్నచో వినుటకు ఎబ్బెట్టుగా నుండును. పోలీసువారు సంఘటనాస్థలమున వేలిముద్రలను ‘ప్రిజర్వ్’ చేయుదురు; ‘కన్సర్వ్’ చేయుదురన్నచో వేలిముద్రలను పొదుపుగా వాడుచున్నారని అర్థము రాగలదు!

అపవాదములును కలవు. చక్కెర పాకమున మగ్గిన పండ్లకు ఆంగ్లేయులు ‘ప్రిజర్వ్’ అనియు అందురు, ‘కన్సర్వ్’ అనియు అందురు. వస్తుప్రదర్శనశాలలలో పాడైన చిత్రమును బాగుచేయు విద్యకు ‘కన్సర్వేషన్’ అనియే పేరు. భౌతికశాస్త్రమున శక్తి ‘కన్సర్వ్’ అగునన్నచో పొదుపు అని అర్థము కాదు. మొత్తము మారదని అర్థము. మన తెలుగు పాఠ్యపుస్తకములు దీనికి ‘శక్తి నిత్యత్వ నియమము’ అని పేరుంచినవి. ఉర్దూ గ్రంథములలో ఇది ‘ఖానూనె బఖాయె తవానాయీ’. బఖా అనగా నిలిచియుండుట, నశింపకుండుట. తెలుగువారును, ఉర్దూవారును ఒకరినొకరు సంప్రదింపకయే ‘రక్షణ’ను వదలి ‘నిత్యత్వము’ను పట్టుకొనుట గమనింపదగినది. అనువాదకుడు పదమును చూడక భావమును చూచినచో ఇట్టి చక్కని మాటలు పుట్టును.

అట్లే మన రెండు భాషలలోను ఈ భేదమునకు మాటలు లేకపోలేదు. ‘పదిలము’, ‘భద్రము’, ‘నిలువ’ అనునవి ‘ప్రిజర్వ్’ వైపు మొగ్గును. ‘పొదుపు’ అనునది ‘కన్సర్వ్’ వైపు మొగ్గును. ఉర్దూలో ‘మహ్‌ఫూజ్ రఖ్నా’ మొదటిది. ‘కిఫాయత్’ రెండవదానికి సమీపము. ఆ హిఫాజత్, మహ్‌ఫూజ్ పదముల ధాతువు నుండియే ‘హాఫిజ్’ అను పదమును పుట్టినది. గ్రంథమును పెట్టెలో గాక కంఠమున ధరించి, నిత్యము వల్లించువాడు హాఫిజ్. అనగా దాచుటయు, వాడుటయు ఆ ఒక్క మాటలో ఏకమైనవి.

ఈ చర్చ మన కళాశాలకు ఎంత దగ్గరిదో చూపి విరమింతుము. భారత రాజ్యాంగపు 29వ అధికరణము, ప్రత్యేకమైన భాషగాని లిపిగాని సంస్కృతిగాని కలిగిన పౌరవర్గమునకు దానిని కాపాడుకొను హక్కును ప్రసాదించుచున్నది. అక్కడ ఆంగ్ల మూలమున వాడబడిన క్రియ ‘కన్సర్వ్’. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన 51-ఏ అధికరణము, మన ఉమ్మడి సంస్కృతియొక్క వారసత్వమును కాపాడుట ప్రతి పౌరుని విధిగా పేర్కొన్నది. అక్కడ వాడబడిన క్రియ ‘ప్రిజర్వ్’. రాజ్యాంగకర్తలు ఈ కొలబద్దతోనే పదములను ఎంచిరని మేము చెప్పబోము. కాని ఆ రెండు పదములను మనము చదువుకొనిన అర్థముతో పోల్చి చూచినచో చక్కని పొందిక కనిపించును. వారసత్వము పూర్వుల నుండి వచ్చినది. అది చెడకుండ చూడవలెను. భాష మనతో బ్రతుకుచున్నది. అది తరుగకుండ చూడవలెను.

భాషకు రెండు కాపుదలలును కావలెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తాటాకులపై శిథిలమగుచున్న తెలుగు కావ్యములను సేకరించి, పండితులను నియమించి ప్రతులు వ్రాయించెను. అది ‘ప్రిజర్వ్’ చేయుట. ఆయన 1829లో వేమన పద్యములను ముద్రించెను. 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువును వెలువరించెను. అది భాషను జనుల చేతికి మరల అందించుట. ‘కన్సర్వ్’ చేయుటకు దారి వేయుట. 1918లో స్థాపింపబడిన వేటపాలెము సారస్వత నికేతనము పాత పత్రికలను, గ్రంథములను పదిలపరచినది. అదే సంవత్సరమున ఉర్దూ బోధనాభాషగా హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసి, శాస్త్రములను ఉర్దూలో చెప్పించినది. ఒకరు దాచిరి, ఒకరు వాడించిరి. ఇరువురి సేవయు భాషకు ఊపిరియే.

ఇంట ఉర్దూ మాటలాడుచు ఉర్దూ లిపిని చదువలేని పిల్లలు నేడు మన ఊళ్లలో ఉన్నారు. ఇంట తెలుగు మాటలాడుచు తెలుగున ఒక ఉత్తరము వ్రాయలేని పిల్లలును ఉన్నారు. వారి భాషలు గ్రంథాలయములలో పదిలముగనే ఉన్నవి. కాని బీరువాలోని భాష జాడీలోని కాయ వంటిది. రుచి నిలుచును, మొలక రాదు. మొలక రావలెనన్నచో విత్తవలెను. అనగా ఆ పిల్లలచేత చదివింపవలెను, వ్రాయింపవలెను.

చివరగా ఒక్క మాట. ‘మ్యాగజైన్’ అను ఆంగ్లపదమునకు మూలము ‘మఖ్‌జన్’ అను అరబీ పదము. సరుకు నిలువచేయు గిడ్డంగి అని దాని అర్థము. మన ‘ఖజానా’యు ఆ ధాతువులోనిదే. రెండు లిపులలో వెలువడు ఈ వార్షిక సంచిక కూడ పేరునుబట్టి గిడ్డంగియే. ఇందులోని వ్రాతలు వచ్చు తరములకు నిలువయుండుట అచ్చుయంత్రము చేతిలోని పని. విద్యార్థినీ విద్యార్థులారా! వానిని చదివి, తర్కించి, వచ్చు యేడు మీ మాటలతో మరల నింపుట మీ చేతిలోని పని. మొదటిది ‘ప్రిజర్వ్’, రెండవది ‘కన్సర్వ్’.